కొండ మీద క్రిస్మస్ సెలవులు

(డిసెంబరు 17, పింఛనుదారుల దినోత్సవం నాడు ఎలమంచిలిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీంకోర్టు పింఛను యజమాని దయతో ఇచ్చే బహుమానం కాదని, అది మన హక్కని తీర్పు చెప్పింది. ఆ మాట మనం ఏటా చెప్పుకుంటాం. దాని అర్థం నాకు పూర్తిగా తెలిసింది మాత్రం ఉద్యోగంలో కాదు, పదవీ విరమణ అయిన పద్నాలుగేళ్ళకు, పాడేరు కొండల మీద. ఆ సంగతి మనవి చేస్తాను.

మా వీధి చివర ఒక చిన్న చర్చి ఉంది. మన ప్రాంతానికి మిషన్ల సంగతి కొత్త కాదు. 1805లోనే లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగి సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. తరవాత కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడకు వచ్చారు. వారిని రమ్మని పిలిచినవారు థామస్ గాబ్రియేలు గారు, టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసిన తెలుగువారు, అంటే మనలాగే ఒక ఉద్యోగి. ఆ మిషనువారి కేంద్రం మన ఎలమంచిలిలోనూ ఉండేది. మా వీధి చర్చివారు ఏటా క్రిస్మస్ సెలవుల్లో ఏజెన్సీ గ్రామాలకు వెళ్ళి రగ్గులు పంచి, వైద్య శిబిరం పెట్టి వస్తుంటారు.

2022లో ఆ సంఘ పెద్ద, రిటైరైన హెడ్మాస్టారు, నన్ను కూడా రమ్మన్నారు. "మేస్టారూ, నేను మీ మతంవాడిని కాదు కదా" అన్నాను. "రగ్గుల లెక్క రాయడానికి మతం ఎందుకండీ? మీరు ఖజానాలో చేసినవారు, లెక్క తప్పదు" అన్నారు. మా ఇంట్లో కొంత గొడవ జరిగింది. మతం మార్పించడానికి వెళ్తున్నారేమోనని మా అబ్బాయి అనుమానం. అదే మాట మేస్టారిని సూటిగా అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. మందుల బల్ల దగ్గర ప్రార్థన ఉండదని, అది సాయంత్రం వేరుగా జరుగుతుందని, ఇష్టమైనవారే వస్తారని చెప్పారు. అక్కడ అలాగే జరగడం నేను కళ్ళారా చూశాను.

డిసెంబరు 26 తెల్లవారుజామున రెండు జీపుల్లో పద్నాలుగు మందిమి బయలుదేరాం. చోడవరం మీదుగా మాడుగుల చేరి, హల్వా కొనుక్కుని ఘాట్ ఎక్కాం. పాడేరు దాటాక కొంత దూరం వెళ్ళేసరికి జీపు దారి ఆగిపోయింది. అక్కడి నుంచి మూటలు నెత్తిన పెట్టుకుని గంటన్నర నడక. అదే దారిలో పురిటి నొప్పులు పడే ఆడవాళ్ళను దోలీ కట్టి మోసుకొస్తారని మాకు దారి చూపిన కుర్రవాడు చెప్పాడు. వట్టి చేతులతో నడవడానికే ఆయాసపడుతున్న నేను మరి మాట్లాడలేదు.

తీరా వెళితే ఊళ్ళో ఎవరూ లేరు! ముసలివాళ్ళు, పసిపిల్లలు, కోళ్ళు తప్ప. డిసెంబరు అంటే మనకు సెలవులు, వాళ్ళకు కాఫీ పళ్ళ కోత. అందరూ తోటల్లో ఉన్నారు. మన క్యాలెండరు చూసుకున్నాం గాని వాళ్ళ పని ఎప్పుడో అడగలేదు. డాక్టరుగారు చీకటి పడేదాకా కూర్చుని, టార్చిలైటు వెలుగులో రోగులను చూశారు.

రెండో రోజు రగ్గులు పంచాం. నేను జాబితాలో వేలిముద్ర వేయిస్తున్నాను. ఒక ముసలమ్మ రగ్గు తీసుకుని కదలకుండా నిలబడి, "బాబూ, నువ్వు కాగితాలు రాస్తావా?" అని అడిగింది. రాస్తానమ్మా అన్నాను. గుడ్డలో చుట్టిన కార్డులు తీసింది. భర్త పోయాడు. వితంతు పింఛను అడిగితే మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు. ఎప్పుడు పోయాడమ్మా అంటే, "ఇటుకల పండుగకి ముందర" అంది.

మనం ఏటా బతికి ఉన్నామని రుజువు చూపించడానికి ఎంత విసుక్కుంటామో మీకు తెలుసు. ఆమె తన భర్త చనిపోయాడని రుజువు చూపించాలి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. అప్పట్లో ఏడాది లోపల అయితే ఆలస్య రుసుము, అఫిడవిట్, అధికారి అనుమతితో నడిచేది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆ దారిలో నడిచి అదెవరు తెస్తారు? ఆశా కార్యకర్త నోటు పుస్తకం తిరగేస్తే తేదీ దొరికింది: మార్చి 22. ఇంకా మూడు నెలల లోపే గడువు.

సోదరులారా, అప్పుడు నాకు 1987 గుర్తుకొచ్చింది. ఒక ఆఫీసులో నేను సీటులో ఉండగా ఒకావిడ కుటుంబ పింఛను కాగితాలు తెచ్చింది. రిజిస్టరులో పేరు ఒకలా, ఆమె తెచ్చిన కాగితంలో మరొకలా ఉంది. అభ్యంతరం రాసి తిప్పి పంపాను. మూడుసార్లు బస్సెక్కి వచ్చింది. నాలుగోసారి రాలేదు. నేను రూలు తప్పలేదు. కాని ఏ కాగితం తెస్తే సరిపోతుందో ఒక్క ముక్క రాసి ఇవ్వలేదు. ఆమె ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ పూట రగ్గుల జాబితా మరొకరికి అప్పగించి, చింత చెట్టు కింద పీట వేసుకుని కూర్చున్నాను. రెండు రోజుల్లో పదకొండు దరఖాస్తులు రాశాను. చోడి అంబలి వాళ్ళే తెచ్చి పోశారు. సెలవులు అయిపోయి అందరం దిగి వచ్చేశాం. కాని రాసిన కాగితం దానంతట అది నడవదని మనకంటే ఎవరికి తెలుసు? అందుకని జనవరిలో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి మేస్టారూ నేనూ బస్సులో మళ్ళీ వెళ్ళాం. ఫిబ్రవరి ఆఖరున ధ్రువపత్రం వచ్చింది. ఆ ఏడాదిలోనే ఆ ముసలమ్మకు పింఛను మంజూరైంది. అప్పట్లో నెలకు 2,750 రూపాయలు, 2024 జూలై నుంచి 4,000. పదకొండింటిలో ఏడు ఫలించాయి. నాలుగు కాలేదు. ఒకటి నా తప్పువల్లే ఆగింది, ఆధార్ అంకె ఒకటి తారుమారుగా వేశాను. దాన్ని సరిదిద్ది మళ్ళీ పెట్టేలోగా ఆ పెద్దాయన కాలం చేశారు. అది దాచుకోకుండా చెప్పుకోవాలనే ఇక్కడ చెబుతున్నాను.

రగ్గు వద్దని నేను అనను. ఆ చలి చూసినవాడెవడూ అలా అనడు. కాని రగ్గు మనం ఇస్తేనే వస్తుంది, పింఛను ఆమెకు రూలు ప్రకారం రావలసింది. మనది చేసిన ఉద్యోగానికి ప్రతిఫలం, ఆమెది అటువంటిది కాదు, నిజమే. అయినా ఒకరి దయ కోసం చేయి చాపడానికీ, రావలసినదాన్ని తలెత్తుకుని అడగడానికీ ఉన్న తేడా ఇద్దరికీ ఒకటే. నకారా గారి తీర్పు మనకు నేర్పినది ఆ తేడాయే కదా.

ఇప్పుడు మేస్టారు వాళ్ళు కోత ముగిశాక, సంత రోజు చూసుకుని వెళ్తున్నారు. వారితో నేనూ వెళ్తున్నాను. కొండ ఎక్కలేనివారు ఎక్కనక్కరలేదు. మన ఎలమంచిలిలోనే కాగితం చేతపట్టుకుని ఎవరిని అడగాలో తెలియక తిరిగేవారు ఉన్నారు. నెలకు రెండు పూటలు మన సంఘం గదిలో ఒక బల్ల వేద్దాం. ముప్పై ఏళ్ళు అభ్యంతరాలు రాసిన చేతులివి, ఇప్పుడు దరఖాస్తులు రాద్దాం. పేరు ఇవ్వదలచినవారు సభ ముగిశాక కార్యదర్శిగారిని కలవండి. మొదటి పేరు నాదే రాసుకోమని మనవి చేస్తున్నాను.