తోట చెత్త, బండి తాళం
(స్త్రీల ఉపాధిపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్‌లో మేం తొమ్మిది మందిమి కలిసి ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో తోటపని చేస్తున్నాం. ఏ బండి కొనాలి, చెత్త ఎక్కడ వెయ్యాలి అన్నది చెప్పమని నన్నడిగారు. హక్కుల గురించి మాట్లాడుకునే చోట ఇదేం విషయమని కొందరికి అనిపించవచ్చు. తోటపనిలో కలుపు తీసేదీ, ఆకు ఊడ్చేదీ, తట్ట మోసేదీ స్త్రీలే. బండి దగ్గరకొచ్చేసరికి తాళంచెవి మగవాడి చేతిలో ఉంటుంది. కిరాయి ఎంత, ఎన్ని గంటలకి రావాలి, ఎక్కడ దింపాలి అన్నీ అతనే నిర్ణయిస్తాడు. మన కూలిలో ఎంత మిగిలేదీ అక్కడే తేలిపోతుంది.

చాలామంది ముందు బండి చూసుకుని తర్వాత చెత్త గురించి ఆలోచిస్తారు. నా ఉద్దేశంలో చెత్త సంగతే ముందు తేల్చుకోవాలి. ఆకుకి బరువుండదు గానీ చోటు తింటుంది. కొమ్మలు నరికినవి నరికినట్టే పడేస్తే ఎంత తొట్టి అయినా చాలదు. అక్కడే చిన్న ముక్కలు చేసి, ఆకుని గోనెసంచుల్లో తొక్కి నింపితే రెండు ట్రిప్పుల చెత్త ఒక్క ట్రిప్పులో పోతుంది.

అంతకంటే మేలు, చెత్త ఆ ఇల్లు దాటకపోవడం. పెరట్లో ఒక మూల గుంట చాలు. పచ్చిగడ్డి ఒక్కటే పోస్తే గాలాడక కుళ్లి కంపు కొడుతుంది, ఇంటామె మర్నాడే ఫోన్ చేస్తుంది. ఎండాకు ఎక్కువ, పచ్చిది తక్కువ కలిపి, అప్పుడప్పుడు తిరగేసి, తడి ఆరకుండా చూస్తే కొన్ని నెలల్లో ఎరువవుతుంది. కొబ్బరాకు అందులో వెయ్యకండి, ఈనెలు తీస్తే చీపుర్లవుతాయి. పూతకొచ్చిన వయ్యారిభామ అసలే వద్దు. గింజ ఎరువుతో పాటు వెళ్లి మళ్లీ మొలుస్తుంది. దానితో దద్దుర్లూ, ఆయాసమూ వస్తాయి కనుక చేతికి తొడుగు లేకుండా ఎవరిచేతా పీకించకండి.

ఇక తగలబెట్టడం. తోట చెత్తను ఎవరి ఆవరణలో వాళ్లే విడిగా ఉంచాలని 2016 ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. ఆ ఏడాది డిసెంబర్‌లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 జరిమానా అంది. యజమాని "ఆ మూల కాల్చెయ్యమ్మా" అంటాడు. అగ్గిపుల్ల గీసేది మనం. ఎవరైనా అడిగితే చూపించేదీ మననే. అందుకని పని ఒప్పుకునే రోజే చెప్పెయ్యాలి: కాల్చం, చెత్త తీసుకెళ్తే డబ్బు వేరు.

ఇప్పుడు బండి. ఒకే కాలనీలో పనైతే తోపుడు బండి చాలు. వారంలో రెండు మూడు రోజులే అవసరమైతే ట్రాలీ ఆటో కిరాయికి తీసుకోవడమే నయం. రోజూ తిరిగేవాళ్లకే సొంత బండి గిట్టుతుంది. బ్యాటరీ బళ్లకి 2018 నుంచి పర్మిట్ అక్కర్లేదు. సరుకుతో కలిపి 3,000 కిలోలు మించని గూడ్సు బండికి కూడా చట్టప్రకారం పర్మిట్ అవసరం లేదు. బ్రోకరు పర్మిట్ ఖర్చంటే నిలదీయండి. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ మాత్రం తప్పవు.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది మనం ఎక్కడ కూర్చుంటామన్నది. పనయ్యాక చెత్త మూటల మీద ఆడవాళ్లు కూర్చుని వెళ్లడం రోజూ చూస్తున్నాం. గూడ్సు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబర్‌లో తీర్పిచ్చింది. కిరాయి బండి యజమాని దగ్గర ఎంత వసూలవుతుందో మీకు తెలియంది కాదు. మేం పనిముట్లని బండిలో పంపి, మనుషులం బస్సులో వెళ్తాం. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆర్డినరీ బస్సుల్లో ఆ ఖర్చు కూడా లేదు. బస్సు కోసం నిలబడే సమయాన్ని పని గంటల్లో లెక్కేస్తాం. దీనిమీద మాలో మాకు వాదన జరిగింది, ఇంకా జరుగుతోంది.

"నడిపేదెవరు?" అంటారు. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకి ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనని 2019లో తీసేశారు. 7,500 కిలోల లోపు బండిని మామూలు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మాలో ఇద్దరు నేర్చుకుంటున్నారు.

కొనడానికి వెళ్లినప్పుడు షోరూములో మొదటి ప్రశ్న "మీ ఆయన రాలేదా?" అన్నది. మీ సంఘం రిజిస్టరై ఉంటే బండి సంఘం పేరు మీదే తీసుకోండి. లేకపోతే సభ్యురాలి పేరు మీద తీసుకుని, తక్కినవాళ్ల వాటా ఎంతో స్టాంపు కాగితం మీద రాయించుకోండి. కాగితాల నకళ్లు ఒకటి బండిలో, ఒకటి సంఘం పెట్టెలో ఉండాలి.