పాలు పొంగించారా? ఏఆర్-11 వేశారా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పెద్ద విషయాలు చెప్పడానికి నాకంటే అర్హులు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను ఇంజినీరును, చాలా ఏళ్లుగా అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. ఈ హాల్లో ఉన్న ఎంతోమంది పిల్లలు డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ల కోసం ఒక చిన్న ఫారం గురించి మాత్రమే చెబుతాను. దాని పేరు ఏఆర్-11.

మన ఊళ్లో ఉత్తరం మీద ఇంటిపేరు, ‘కేరాఫ్ ఫలానా కిరాణా కొట్టు’ అని రాస్తే చాలు, పోస్ట్‌మ్యాన్ వెతుక్కుంటూ వచ్చి ఇచ్చేవాడు. ఇల్లు మారినా ఆయనకు తెలిసిపోయేది. అమెరికాలో అలా కాదు. పౌరసత్వం లేనివారు ఇల్లు మారితే, మారిన 10 రోజుల్లోగా కొత్త చిరునామాను ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు తామే తెలియజేయాలి. హెచ్-1బి వాళ్లకూ, వాళ్ల భార్యాపిల్లలకూ ఇదే నియమం. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకూ ఇదే. దౌత్య వీసాల వాళ్లకూ, వీసా అక్కర్లేని దేశాల నుంచి కొద్దిరోజుల కోసం వచ్చేవాళ్లకూ మాత్రం మినహాయింపు ఉంది.

ఇది కొత్త నియమం కాదు. 1940లో వచ్చిన చట్టం ప్రకారం విదేశీయులు పోస్టాఫీసులకు వెళ్లి, వేలిముద్రలిచ్చి పేర్లు నమోదు చేయించుకున్నారు. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఏటా జనవరిలో చిరునామా చెప్పాల్సి వచ్చేది. ఆ పద్ధతిని 1981లో ఎత్తేశారు. ఇల్లు మారితే చెప్పాలన్న నియమం మాత్రం ఉండిపోయింది. చాలాకాలం దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, 2002లో, గట్టిగా అమలు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. చెప్పకపోతే జరిమానా, 30 రోజుల వరకు జైలు అని చట్టంలో ఉంది. కావాలని చేయలేదనో, తగిన కారణం ఉందనో చూపించలేకపోతే దేశం నుంచి పంపేయడానికి కూడా అది కారణం కావచ్చు.

జైలు మాట అలా ఉంచండి. అసలు నష్టం ఉత్తరం అందకపోవడంతో మొదలవుతుంది. మన జిల్లా కుర్రాడొకడు నాకు తెలుసు. ఉంటున్న అపార్ట్‌మెంట్లలోనే ఒక బ్లాక్ నుంచి ఇంకో బ్లాక్‌కు మారాడు. బ్యాంకుకు చెప్పాడు, పోస్టాఫీసుకు చెప్పాడు, కరెంటు వాళ్లకు చెప్పాడు. ఇమ్మిగ్రేషన్‌కు చెప్పాలని తోచలేదు. భార్య వర్క్ పర్మిట్ కార్డు పాత ఇంటికి వెళ్లింది, ఈ ఇంటికి రాలేదు. ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్న ఆ అమ్మాయికి అప్పుడే ఉద్యోగం వచ్చింది. చేరాల్సిన తేదీ దాటిపోయింది, ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయింది. ఆ పిల్ల మొహం నేను చూశాను. అందుకే ఈ మాటలు చెబుతున్నాను.

పోస్టాఫీసుకు చెబితే ఇమ్మిగ్రేషన్‌కు చెప్పినట్టు కాదు. ఆ శాఖ పంపే ఉత్తరాలు కొత్త ఇంటికి మళ్లి వస్తాయన్న నమ్మకం పెట్టుకోకూడదు. వేలిముద్రలకు రమ్మన్న నోటీసు పాత ఇంటికి పోయి, మనం వెళ్లకపోతే, దరఖాస్తును వదులుకున్నట్టు లెక్కగట్టే ప్రమాదం ఉంది.

ఫారానికి రుసుము లేదు. ఆన్‌లైన్‌లో కాసేపట్లో అయిపోతుంది. డబ్బు అడిగేవాళ్ల జోలికి పోవద్దు. ఇంట్లో నలుగురుంటే నలుగురికీ విడివిడిగా వేయాలి. వేశాక వచ్చే రసీదును దాచుకోవాలి. పరిశీలనలో ఉన్న దరఖాస్తులన్నిటిలోనూ చిరునామా మారిందో లేదో చూసుకోవాలి.

ఇంకో నాలుగు మాటలు. ఎఫ్-1 విద్యార్థులు కాలేజీలో తమ వ్యవహారం చూసే అధికారికి 10 రోజుల్లో చెప్పాలి. హెచ్-1బి వాళ్లు పనిచేసే చోటు వేరే నగర ప్రాంతానికి మారితే, కంపెనీ ముందుగా సవరణ పిటిషన్ వేయాలి. 2015లో వచ్చిన తీర్పు దీన్ని స్పష్టం చేసింది. ఇమ్మిగ్రేషన్ కోర్టులో కేసు ఉంటే గడువు 5 రోజులే, దాని ఫారం వేరు. చిరునామా అందక వాయిదాకు రాకపోతే, మనిషి లేకుండానే పంపివేత ఉత్తర్వు ఇవ్వగలరు. తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు ఇప్పించి, వాళ్ల పోషణకు హామీ పత్రం రాసినవాళ్లు పౌరులైనా సరే, ఇల్లు మారితే 30 రోజుల్లో ఐ-865 వేయాలి. ఇది మన వయసువాళ్లకే ఎక్కువగా వర్తిస్తుంది.

మాస్టార్లూ, అమ్మలూ, నాన్నలూ! పిల్లలు ఫోన్‌లో “ఇల్లు మారాం” అంటే మనం మొదట అడిగేది “పాలు పొంగించారా?” అనే. ఇకనుంచి రెండో ప్రశ్న కూడా అడగండి: “ఏఆర్-11 వేశారా?” వాళ్లు విసుక్కున్నా అడగండి. మీరు అడిగితే చేస్తారు. సామాన్లు సర్దుకునే హడావుడిలో ఉన్న పిల్లలకు ఇంతకంటే అక్కరకొచ్చే మాట ఉండదు.

సెలవు.