దామెర్ల రామారావు చిత్రకళ

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీదుగా పోయేవారిలో చాలామంది దామెర్ల రామారావు చిత్రశాలను వెలుపలినుండి చూచియే ఉంటారు. లోపలికి పోయినవారు ఎందరో చెప్పలేను. పోయి, అక్కడి వివస్త్ర స్త్రీమూర్తులను చూచి, వెంట తెచ్చుకొన్న పిల్లలను గబగబా వెలుపలికి తీసికొనిపోయిన పెద్దమనుష్యుని ఒకరిని నేనెరుగుదును. ఆయనను పరిహసించబోను. ఆ సంకోచానికి సమాధానం చెప్పవలసియే ఉన్నది.

రామారావు 1897లో ఈ పట్టణంలోనే జన్మించారు. ఆయన ప్రతిభను మొదట గుర్తించినవారు ఇక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర. ఆయన స్వయంగా చిత్రకారుడు, రచయిత. అడివి బాపిరాజు కూడ ఆయన శిష్యులే. శిష్యులను అజంతాకు తీసికొనిపోయి, ఆ గుహల గోడల ఎదుట నిలిపినవాడాయన. పాలకజాతివాడు కదా అని ఈ ఋణాన్ని మరుగుపరచనక్కరలేదు.

1916లో రామారావు బొంబాయి జె. జె. కళాశాలలో చేరి, 1920 వరకు అభ్యసించారు. సజీవదేహాన్ని ఎదుట నిలుపుకొని ఎముకల పొందికను, కండల బరువును తెలిసికొని వ్రాయడం అక్కడి శిక్షణ. అజంతా రేఖ ఒక చేత, ఈ దేహజ్ఞానం ఒక చేత పట్టుకొని ఆయన ఇంటికి తిరిగి వచ్చారు. వంగదేశపు చిత్రకారులను గౌరవించినా, వారి మంచుతెరల రంగులను మాత్రం అరువు తెచ్చుకోలేదు.

1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి పొందిన చిత్రం ఋష్యశృంగునిది. స్త్రీ అనగా ఏమో యెరుగని మునికుమారుడు మోహితుడైన కథ అది. దేహసౌందర్యాన్ని దాచిపెట్టి ఆ కథను చిత్రించడం ఎట్లు? మన అమరావతి శిల్పులు దాచినారా? ఆ సున్నపురాతి ఫలకాలలో స్త్రీలకు వస్త్రమెంత? అక్కడ భక్తితో చూచిన కన్ను ఇక్కడ ఎందుకు తప్పుకొనవలెను? రాతికి క్షమించినదాన్ని రంగుకు క్షమించలేమా? అయితే ఒకటి ఒప్పుకొనవలెను. రామారావు స్త్రీమూర్తులన్నీ ఒకే ఎత్తున లేవు. కొన్నింట అలంకారం భావాన్ని మించినదని నాకు తోచింది. ‘పుష్పాలంకరణ’ అట్టిది కాదు.

1923లో ఆయన ఇక్కడ చిత్రకళాశాల స్థాపించారు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడ కుంచె పట్టినారు. ఆ రోజులలో గృహిణులు చిత్రకారిణులు కావడం చిన్న సంగతి కాదు.

1925 ఫిబ్రవరిలో మశూచి ఆయనను తీసికొనిపోయింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. చిత్రాలు చెదరిపోకుండా నిలిచినవంటే అది సత్యవాణమ్మగారి పట్టుదల, మిత్రుడు వరదా వెంకటరత్నంగారి కాపలా. కాగితం మీది నీటిరంగులకు నదీతీరపు తేమ ఎంత శత్రువో గోదావరి జిల్లాలవారికి వేరే చెప్పవలెనా? మన ఇండ్ల గోడల మీది పాత ఫోటోలే సాక్ష్యం.

ఆ పెద్దమనుష్యునితో మరల ఒకసారి అక్కడికి పోవలెనని ఉన్నది. ఈసారి పిల్లలకు ముందుగా ఋష్యశృంగుని కథ చెప్పమంటాను. లోపల మాత్రం గోదావరి దృశ్యాల వద్ద మొదలుపెడదాము.