గుస్సాడి కష్టానికి విలువ కట్టేది మనమే

 

కళాకారుడి కష్టం గురించి మాట్లాడమన్నారు. మన గుస్సాడి గురించే చెప్తాను.

దీపావళికి దండారి మొదలైతే గుస్సాడి వేషం కట్టినవాడు ఆట లేనప్పుడూ దీక్షలోనే ఉంటాడు. స్నానం చేయడు, నేల మీదే పడుకుంటాడు. కోలబోడి అయ్యేదాకా అంతే. తల మీద నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, మెడలో పూసల దండలు, చేతిలో కర్ర. ఆ బరువు మోస్తూ దరువుకు అడుగు తప్పకుండా ఆడాలి. ఆ టోపీని ఏడాదంతా దాచుకోవాలి, పాడైన ఈకలు మార్చుకోవాలి. గుమేల, పెప్రె, డప్పు మోగకపోతే ఆ ఆట లేదు. కానీ పేపర్లో ఫోటో వస్తే వాయించేవాళ్లు అందులో ఉండరు.

దండారి కట్టుకొని పక్క ఊరికి పోతే మనం అతిథులం. ఆ ఊరివాళ్లు ఎదురొస్తారు, అన్నం పెడతారు. అదే పట్నంలో సభకు పిలిస్తే, ఎవరో పెద్దమనిషి వచ్చేదాకా వేషంతో ఎండలో నిలబడాలి. ఆయన దిగాక ఐదు నిమిషాల ఆట, ఒక సెల్ఫీ. మన ఊళ్లో అతిథి, అక్కడ స్వాగత తోరణం.

మార్లవాయి కనకరాజుగారు గుస్సాడిని ఢిల్లీ దాకా తీసుకుపోయారు, ఎందరో పిల్లలకు నేర్పారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన మనల్ని విడిచి వెళ్లారు. ఆ గౌరవం మన అందరిదీ. కానీ ఒక్కరికి వచ్చిన బిరుదుతో మిగతా ఆటగాళ్ల కూలి రోజు నష్టం తీరదు కదా!

అందుకే సంఘానికి నా మనవి. పిలుపు వస్తే ముందే మాట్లాడుకుందాం. ఆడేవాళ్లతో సమానంగా వాయించేవాళ్లకూ డబ్బు ఇవ్వాలి. రానుపోను రోజులూ లెక్కలోకి రావాలి. వేషం కట్టుకోవడానికి నీడ, తాగడానికి నీళ్లు ఉండాలి. ఏ కాలంలో ఆడాలో, ఎక్కడ ఆడకూడదో ఊరి పెద్దలే చెప్పాలి. ఇవి ఒప్పుకోనివాళ్లకు వద్దని చెప్పే ధైర్యం మనకు కావాలి.

ఆటను దేవుడి పనిగా చేసేవాడు బేరం ఆడలేడు. ఆ మాట అతని తరఫున మనం మాట్లాడాలి.

జై సేవా!