గుండెపోటు అనంతరం మనోధైర్యం
(మాయాబందర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



మాయాబందర్‌లో తెలుగువారు, బెంగాలీలు, 1925 నుండి స్థిరపడిన కరెన్లు హిందీలో ఒకరినొకరు అర్థం చేసుకొంటున్నారు. కాని గుండెపోటు వచ్చినవాని భయం మాతృభాషలోనే పలుకుతుంది.

వైద్యుడు 'ఆరాం' అనగా, ఇక జన్మలో వల పట్టరాదని తలచి ఒక తెలుగు జాలరి మంచం వీడలేదు. నిజానికి దెబ్బతిన్న గుండె కండరం కొన్ని వారాలలో మచ్చకట్టి మానుతుంది. వైద్యుని సలహాపై క్రమంగా పెంచే నడక మేలుచేస్తుంది.

మానసిక ఒత్తిడి గుండెపోటుకు దోహదకారి అని 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో తెలిపింది. 2002నాటి న్యూజిలాండ్ అధ్యయనంలో, ఆసుపత్రిలోనే అపోహలు తొలగించుకొన్న రోగులు త్వరగా పనికి మరలారు.

కనుక మందు మానరాదు, నొప్పి మరల వస్తే జాగు చేయరాదు, భయాన్ని దాచరాదు. రోగికి, ఆయన ఇల్లాలికి వారి భాషలో విప్పి చెప్పడమూ చికిత్సయే.