చమురు మీద సంతకం ఎవరిది?

1953 ఆగస్టు 19న టెహ్రాన్‌లోని కాఖ్ వీధిలో ఒక ఇంటిమీదకు టాంకులు వెళ్ళాయి. ఆ ఇంట్లో ఉన్నది శత్రువు కాదు, ఇరాన్ ప్రధాని డాక్టర్ మొహమ్మద్ మొసద్దెగ్. డెబ్బై దాటిన మనిషి. సాయంత్రానికి ఇల్లు దెబ్బలు తిని బీటలు వారింది. ఆయన గోడ దాటి పక్కింట్లోకి తప్పించుకుని, మర్నాడు లొంగిపోయారు. ఆయన్ని దించడానికి పథకం వేసింది బ్రిటన్, అమెరికా గూఢచారి సంస్థలు. ఈ మాట అమెరికా తన నోటితో పూర్తిగా ఒప్పుకోవడానికి అరవై ఏళ్ళు పట్టింది.

ముస్లిం దేశాల్లో ఎక్కడ అలజడి రేగినా దానికి మతమే కారణమని తేల్చెయ్యడం మనలో చాలామందికి అలవాటు. ఇరాన్ విషయంలో ఆ మాట సగం కూడా నిజం కాదని నా గట్టి నమ్మకం. అక్కడి గొడవ మొదట్నుంచీ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. ఈ నేలలో పండేదాని మీద, ఈ నేల కింద దొరికేదాని మీద సంతకం పెట్టే హక్కు ఎవరిది?

చమురు కంటే ముందు పొగాకు వచ్చింది. 1890లో నాసిరుద్దీన్ షా తన దేశపు పొగాకు కొనే, అమ్మే, ఎగుమతి చేసే హక్కు మొత్తం టాల్బట్ అనే ఆంగ్లేయుడికి రాసిచ్చేశాడు. పండించే రైతు, అమ్ముకునే వర్తకుడు ఒక్క కలం పోటుతో పరాయివాడికి లోబడ్డారు. బజార్లు మూతపడితే ఆశ్చర్యమేముంది? సమర్రాలో ఉన్న మతపెద్ద మీర్జా హసన్ షిరాజీ పేరుతో పొగ తాగరాదని ఫత్వా వచ్చింది. దేశమంతా హుక్కాలు పక్కన పెట్టింది. షా అంతఃపురంలోని స్త్రీలు కూడా మానేశారని చరిత్రకారులు రాశారు. 1892 మొదట్లో షా దిగివచ్చి ఒప్పందం రద్దు చేశాడు. అయితే ఆ హక్కు పొందిన కంపెనీకి అయిదు లక్షల పౌన్ల నష్టపరిహారం కట్టాల్సి వచ్చింది. ఆ డబ్బు కూడా అప్పే. పరాయి ఒప్పందాన్ని వదిలించుకోవడానికి పరాయి అప్పు నెత్తికెక్కింది. ఇక్కడ మతపెద్దలు, బజారు వర్తకులు, చదువుకున్నవాళ్ళు ఒక్క తాటిమీదకు రావడం గుర్తుంచుకోండి. ఈ మూడు వర్గాలూ కలిసినప్పుడల్లా ఇరాన్ కదిలింది, విడిపోయినప్పుడల్లా ఓడింది.

ఆ ఐక్యతే 1906లో రాజ్యాంగాన్నీ, మజ్లిస్ అనే పార్లమెంటునూ తెచ్చింది. మన దేశంలో వందేమాతరం ఉద్యమం నడుస్తున్న రోజులవి. మరుసటేడే బ్రిటన్, రష్యా ఒక ఒడంబడిక కుదుర్చుకుని, ఉత్తర భాగం నీ పలుకుబడికి, ఆగ్నేయం నా పలుకుబడికి అని ఇరాన్‌ను పంచుకున్నాయి. ఇరాన్‌ను అడిగినవాళ్ళు లేరు. 1908లో రష్యన్ కల్నల్ ఆధ్వర్యంలోని కొసాక్ దళం మజ్లిస్ భవనం మీద ఫిరంగులు పేల్చింది.

సరిగ్గా అదే ఏడాది మేలో, నైరుతిన మస్జిదె సులేమాన్ దగ్గర చమురు ఎగజిమ్మింది. దాని మీద హక్కు అప్పటికే చేజారిపోయింది. 1901లోనే విలియం నాక్స్ డార్సీ అనే వ్యాపారికి అరవై ఏళ్ళ హక్కు రాసిచ్చారు. ఇరాన్‌కు దక్కేది లాభంలో నూటికి పదహారు వంతులు. తవ్వకానికి డార్సీ డబ్బు చాలకపోతే పెట్టుబడితో ఆదుకున్నది బర్మా ఆయిల్ కంపెనీ. మన కోస్తా జిల్లాల వాళ్ళు పొట్ట చేతబట్టుకుని ఓడలెక్కి వెళ్ళిన 'రంగం' ఉందే, ఆ రంగూన్ పక్కనే ఈ కంపెనీ శుద్ధి కర్మాగారం ఉండేది. ఆ తర్వాత ఇరాన్‌లోని అబాదాన్‌లో కట్టిన కొత్త కర్మాగారానికి భారతదేశం నుంచీ, బర్మా నుంచీ పనివాళ్ళను తీసుకుపోయారు. రంగూన్ నుంచి వెళ్ళిన ముస్లిం పనివాళ్ళు కట్టుకున్న మసీదు నేటికీ అబాదాన్‌లో వాళ్ళ ఊరి పేరుతోనే ఉంది. సామ్రాజ్యం చమురును ఒక దేశం నుంచి, చెమటను ఇంకో దేశం నుంచి తెచ్చుకుంది.

1914లో బ్రిటిష్ ప్రభుత్వమే ఇరాన్ చమురు తవ్వే బ్రిటిష్ కంపెనీలో సగానికి పైగా వాటా కొన్నది. యుద్ధనౌకలు బొగ్గు నుంచి చమురుకు మారుతున్న కాలం. నౌకాదళ మంత్రి చర్చిల్. అప్పటి నుంచి ఇరాన్ చమురు ఒక వ్యాపారం కాదు, బ్రిటన్ రక్షణ వ్యవహారం. 1933లో అప్పటి రాజు రెజా షా ఒప్పందాన్ని సవరించబోయి, గడువును 1993 దాకా పొడిగించి వచ్చాడు. 1941లో బ్రిటిష్, సోవియట్ సైన్యాలు దేశంలోకి చొరబడి అతణ్ణి గద్దె దింపాయి. ఇరవై ఒక్కేళ్ళ కొడుకు మొహమ్మద్ రెజా సింహాసనమెక్కాడు.

1950 నాటికి అబాదాన్ ప్రపంచంలోకెల్లా పెద్ద చమురు శుద్ధి కర్మాగారం. ఆంగ్లేయ అధికారులకు తోటలున్న బంగళాలు, ఈతకొలనులు. ఇరానీ కూలీలకు కాగజాబాద్ అనే మురికివాడ. నీళ్ళకూ కరెంటుకూ కటకట. కంపెనీ నుంచి ఇరాన్‌కు వస్తున్న వాటా కంటే బ్రిటిష్ ఖజానాకు పన్నుల రూపంలో పోతున్నదే ఎక్కువ. అదే ఏడాది చివర సౌదీ అరేబియాకు అమెరికా కంపెనీలు సగం సగం లాభానికి ఒప్పుకున్నాయి. బ్రిటిష్ కంపెనీ మాత్రం బిగదీసుకు కూర్చుంది. అంత మొండితనం చూపకపోతే చరిత్ర మరోలా నడిచేదేమో.

మొసద్దెగ్ రాజవంశంతో సంబంధమున్న జమీందారీ కుటుంబంలో పుట్టినవారు. స్విట్జర్లాండ్‌లో న్యాయశాస్త్రంలో డాక్టరేటు పొందారు. 1925లో రెజా ఖాన్, అంటే తర్వాతి రెజా షా, రాజవుతానంటే మజ్లిస్‌లో లేచి నిలబడి వద్దన్న కొద్దిమందిలో ఆయనొకరు. 1951 మార్చిలో చమురును జాతీయం చేస్తూ చట్టసభలు తీర్మానించాయి. ఏప్రిల్ చివర ఆయన ప్రధాని అయ్యారు. బ్రిటన్ తన ఇంజనీర్లను వెనక్కి పిలిపించుకుని, ఇరాన్ చమురు ఎవరూ కొనకుండా సముద్రం మీద దిగ్బంధం పెట్టింది. 1952లో రోజ్ మేరీ అనే ఓడ చమురుతో బయలుదేరితే దాన్ని ఏడెన్ రేవులో పట్టుకున్నారు. మొసద్దెగ్ స్వయంగా న్యూయార్క్ వెళ్ళి భద్రతా మండలిలో వాదించారు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికీ వెళ్ళారు. ఈ తగాదా విచారించే అధికారం తనకు లేదని ఆ న్యాయస్థానం 1952 జులైలో తీర్పు చెప్పింది. అది ఇరాన్ కోరుకున్న తీర్పు. అందులో ఇరాన్ వైపు మొగ్గినవారిలో బ్రిటిష్ న్యాయమూర్తి మెక్‌నెయిర్ కూడా ఉన్నారు. న్యాయానికి ఇంకా బలముందని నమ్మించే ఇలాంటి ఘడియలు చరిత్రలో అరుదు, అందుకే ఆ పెద్దమనిషి పేరు మీకు చెప్పాలనిపించింది.

చట్టంతో పని కాకపోయేసరికి కుట్ర మొదలైంది. 1952 అక్టోబరులో మొసద్దెగ్ బ్రిటిష్ రాయబార కార్యాలయాన్ని మూయించారు. దాంతో బ్రిటన్ అమెరికా తలుపు తట్టింది. ట్రూమన్ ఒప్పుకోలేదు. 1953లో గద్దెనెక్కిన ఐసెన్‌హోవర్‌కు కమ్యూనిస్టుల భయం చూపారు, ఆ భయం పనిచేసింది. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మనుమడు కెర్మిట్ రూజ్‌వెల్ట్ టెహ్రాన్‌లో దిగాడు. పత్రికలకు, గూండాలకు, కొందరు సైనికాధికారులకు, రాజకీయ నాయకులకు డబ్బు అందింది.

మొసద్దెగ్‌ను నేను దేవుణ్ణి చెయ్యను. అప్పటికే ఆయన చాలామందిని దూరం చేసుకున్నారు. మతపెద్ద కాషానీ విడిపోయారు. మజ్లిస్ తనకు అడ్డొస్తోందని, దాన్ని రద్దు చెయ్యడానికి ఆగస్టులో ప్రజాభిప్రాయం కోరారు. అవునన్నవారికి ఒకచోట, కాదన్నవారికి వేరొకచోట ఓటు పెట్టారు. జీవితమంతా చట్టం కోసం నిలబడ్డ మనిషి చెయ్యాల్సిన పని కాదది. పొగాకు నాటి మూడు వర్గాల కూటమి ఆయన చేతుల్లోనే చీలింది. పరాయి డబ్బు ఆ చీలికలోనే దూరింది.

ఆగస్టు 15 రాత్రి షా సంతకం చేసిన తొలగింపు ఉత్తర్వు పట్టుకొచ్చిన కల్నల్‌నే అరెస్టు చేశారు. షా బాగ్దాదుకూ, అక్కణ్ణుంచి రోముకూ పారిపోయాడు. కుట్ర విఫలమైందని అందరూ అనుకున్నారు. వీధుల్లో షాల విగ్రహాలు కూలాయి. కూల్చినవారిలో డబ్బు తీసుకున్న మనుషులూ ఉన్నారు, దేశం కమ్యూనిస్టుల పాలవుతోందని జనాన్ని భయపెట్టడానికి. 18న అమెరికా రాయబారి హెండర్సన్ వచ్చి మాట్లాడి వెళ్ళాక మొసద్దెగ్ వీధులు ఖాళీ చేయించమని ఆజ్ఞాపించారు. అందుకే మర్నాడు దక్షిణ టెహ్రాన్ నుంచి గుంపులు, వాటి వెనక సైన్యం వచ్చినప్పుడు ఆయన కోసం నిలబడేవాళ్ళు వీధుల్లో లేరు. ఆ ఒక్క ఆజ్ఞ ఎప్పుడు చదివినా నాకు గుండె బరువెక్కుతుంది.

జనరల్ జాహెదీ ప్రధాని అయ్యాడు. షా తిరిగొచ్చాడు. మొసద్దెగ్‌కు మూడేళ్ళ జైలు, ఆపైన అహ్మదాబాద్ గ్రామంలో బతికినంతకాలం గృహనిర్బంధం. విదేశాంగ మంత్రి హుసేన్ ఫాతెమీని 1954లో కాల్చి చంపారు. అదే ఏడాది చమురును కంపెనీల కూటమికి అప్పగించారు. పాత బ్రిటిష్ కంపెనీకి నూటికి నలభై వంతులు, అంతకుముందు అక్కడ అడుగుపెట్టని అమెరికా కంపెనీలకు నలభై వంతులు. 1957లో సావాక్ అనే రహస్య పోలీసు విభాగం పుట్టింది.

నా దృష్టిలో అసలు నష్టం చమురులో జరగలేదు. మజ్లిస్‌లో, న్యాయస్థానంలో, పత్రికలో వాదించి గెలవొచ్చు అన్న మధ్యమార్గం మూసుకుపోయింది. పార్టీలు లేవు, పత్రికలు లేవు, సంఘాలు లేవు. షాను విమర్శించడానికి మిగిలిన నీడ మసీదు ఒక్కటే. అమెరికా సైనిక సిబ్బందికి ఇరాన్ న్యాయస్థానాల నుంచి మినహాయింపు ఇచ్చిన చట్టాన్ని 1964లో మతపెద్ద ఖొమేనీ ఎండగట్టి దేశ బహిష్కరణకు గురయ్యారు. ఆయన ఎత్తింది కూడా ఆ పాత ప్రశ్నే, సంతకం ఎవరిది అని. 1979 విప్లవంలో షా దేశం విడిచి, ఖొమేనీ తిరిగొచ్చాక, అక్టోబరులో ఆ షాను అమెరికా వైద్యానికి రానిచ్చింది. 1953 మళ్ళీ జరగబోతోందన్న భయంతో విద్యార్థులు నవంబరు 4న అమెరికా రాయబార కార్యాలయం గోడలు దూకారు. 52 మంది అమెరికన్లు 444 రోజులు బందీలయ్యారు. బందీలుగా పట్టుకోవడం తప్పే, అందులో నాకు సందేహం లేదు. ఆ భయం మాత్రం ఊహ కాదు, వాళ్ళ తల్లిదండ్రులు కళ్ళారా చూసింది.

మొసద్దెగ్ 1967లో చనిపోయారు. 1952 జులైలో తన కోసం వీధుల్లో ప్రాణాలిచ్చినవారి సమాధుల పక్కన పూడ్చమని ఆయన కోరారు, షా ఒప్పుకోలేదు. ఇంట్లోనే, భోజనాల గదిలో సమాధి చేశారు. విప్లవం గెలిచిన కొద్ది వారాలకే, 1979 మార్చి 5న, ఆయన వర్ధంతికి లక్షల మంది అహ్మదాబాద్ చేరారు. టెహ్రాన్‌లో షా వంశమైన పహ్లవీల పేరున్న రాజవీధికి మొసద్దెగ్ పేరు పెట్టారు. కొన్నాళ్ళకే కొత్త పాలకులు ఆ పేరూ తీసేసి వలీ అస్ర్ అని మార్చారు. 1981లో ఆయన రాజకీయ కూటమి నేషనల్ ఫ్రంట్‌ను మతద్రోహులన్నారు. అయినా ఆయన తెచ్చిన చమురు జాతీయకరణ దినం, ఇరానీ కొత్త సంవత్సరమైన నౌరోజుకు ముందురోజు, ఇరాన్‌లో ఇప్పటికీ ప్రభుత్వ సెలవే.