కార్తీకం అయింది, ప్రమిదలు ఎక్కడున్నాయి?

(ఆదివారం హారతి తర్వాత గుడి వాలంటీర్ల తరఫున చేసిన ప్రసంగం)

ప్రసాదం చల్లారేలోపే ముగించేస్తాం.

మొన్న సాయంత్రం మండపం వెనక గోడ పక్కన టార్చి వేసి చూశాం. కార్తీక దీపాల ప్రమిదలు, కొట్టిన కొబ్బరి చిప్పలు గుట్టగా పడున్నాయి. మూడు చిప్పల్లో వాన నీళ్ళు, వాటిలో లార్వాలు గిరగిరా తిరుగుతున్నాయి. అదే గోడకి అవతల మన పిల్లల తెలుగు క్లాసు!

ఏడిస్ దోమకి మురుగుకాలవ అక్కర్లేదు, చిప్పెడు నీళ్ళు చాలు. గుడ్డు దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు. నీళ్ళు పారబోస్తే పని అయిపోయిందనుకుంటాం. కానీ గుడ్లు నీటి అంచుకి కాస్త పైన, పాత్ర గోడకి అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగిలితే పొదుగుతాయి. అందుకే బ్రష్‌తో రుద్ది కడగాలి.

ఇక ఇళ్ళ సంగతి. సెలంగోర్‌లో వాటర్ కట్ అని మెసేజ్ రాగానే బకెట్లు, డ్రమ్ములు నింపేస్తాం. నీళ్ళు వచ్చాక వాటి మొహం చూడం. ఫ్రిజ్ వెనక ట్రే, తులసి కుండీ కింద పళ్ళెం, సీసాలో మనీ ప్లాంట్, పూజగదిలో కలశం, అన్నీ చూడండి. సెలవులకి ఇండియా వెళ్ళేవాళ్ళు కమోడ్ మూత వేసి, ఫ్లోర్ ట్రాప్ కప్పి వెళ్ళండి. లార్వా దొరికితే 1975 చట్టం కింద జరిమానా కూడా ఉంది.

ఫాగింగ్ చేశారుగా అంటారు. దానికి చచ్చేది ఎగిరే దోమలే. మా సాఫ్ట్‌వేర్ భాషలో అది సర్వర్ రీస్టార్ట్ చేయడం, బగ్ అక్కడే ఉంటుంది.

జ్వరం గురించి ఒక్క మాట. డెంగ్యూ వైరస్ నాలుగు రకాలు. ఒకసారి వచ్చిపోయిందని ధీమా వద్దు, రెండోసారి వేరే రకం సోకితే ముదిరే ప్రమాదం ఎక్కువ. జ్వరం తగ్గగానే హమ్మయ్య అనుకుంటాం చూడండి, 3 నుంచి 7 రోజుల మధ్య అప్పుడే అసలు గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత కనిపిస్తే అర్ధరాత్రైనా ఆస్పత్రికి వెళ్ళండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేయకండి, పారాసెటమాల్ చాలు. బొప్పాయాకు రసం తాగుతామంటే పెద్దవాళ్ళతో మేం వాదించం గానీ, అది డాక్టరుకి బదులు కాదు.

వచ్చే ఆదివారం ఉదయం 8 గంటలకి గుడిలో గోతోంగ్ రోయోంగ్. చిప్పలు సంచుల్లో కట్టి పంపించేద్దాం, ప్రమిదలు రుద్ది కడిగి డబ్బాల్లో పెడదాం. ఈ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది కాబట్టి పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు వేయండి. బ్రష్షులు మేం తెస్తాం, టార్చి మీరు తెచ్చుకోండి.